విండోస్ 10 గడువు ముగిసింది: మైక్రోసాఫ్ట్ ఎక్కడ దారి తప్పింది?

నమస్కారం. నేను నల్లగొండ నుంచి మాట్లాడుతున్నాను. మామూలుగా ఈ ఛానల్‌లో ఒక ల్యాప్‌టాప్‌నో ఫోన్‌నో ముందు పెట్టుకొని దాని మంచిచెడులు చెబుతుంటాను. ఈసారి మాత్రం ఒక సంస్థ తీసుకున్న నిర్ణయాలను సమీక్షించబోతున్నాను. మన ఇళ్లలోనూ, దుకాణాల్లోనూ, మీసేవ కేంద్రాల్లోనూ, కాలేజీ ల్యాబుల్లోనూ నడుస్తున్న కంప్యూటర్లలో ఎక్కువ భాగం మైక్రోసాఫ్ట్ వారి విండోస్ మీదే ఆధారపడి ఉన్నాయి కాబట్టి, అమెరికాలో కూర్చొని ఆ సంస్థ గీసే ప్రతి గీతా మన మీద ప్రభావం చూపుతుంది. నేను ఈ సంస్థ ఉత్పత్తులను ఇష్టంగా వాడుతున్నవాణ్ణి, ఇప్పటికీ వాడుతున్నాను. నా ఫిర్యాదు ఒక్కటే. మనం డబ్బు పెట్టి కొనుక్కున్న యంత్రం మీద మనకు ఉండవలసిన అధికారాన్ని మైక్రోసాఫ్ట్ కొద్దికొద్దిగా తన చేతుల్లోకి తీసుకుంటోంది. ఈ మధ్య కాలంలో దానికి ఎదురైన చిక్కుల్లో చాలావరకు ఆ ధోరణి నుంచి పుట్టినవేనని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ముందు విండోస్ 10 సంగతి చూద్దాం. అది 2015 జూలై 29న విడుదలైంది. విండోస్ 7, 8.1 వాడుతున్నవారికి ఏడాది పాటు ఉచితంగా ఇచ్చారు. ఇదే చివరి విండోస్ అని ఆ సంవత్సరం మే నెలలో జరిగిన ఒక సదస్సులో మైక్రోసాఫ్ట్ ఉద్యోగి ఒకరు అన్నారు. ఇకపై విండోస్‌ను ఎప్పటికప్పుడు మెరుగుపడుతూ ఉండే సేవగా అందిస్తామని సంస్థ కూడా చెప్పింది. ఆరేళ్లు తిరిగేసరికి, 2021 అక్టోబరు 5న, విండోస్ 11 వచ్చింది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు సాధారణ మద్దతు ఆగిపోయింది. పదేళ్ల పాటు భద్రతా నవీకరణలు ఇవ్వడం తక్కువ విషయమేమీ కాదు, ఆ మాట ఒప్పుకోవాలి. నా అభ్యంతరం గడువు ముగిసినందుకు కాదు. ఆ తర్వాత ముందుకు వెళ్లే దారిని ఎవరికి తెరిచారు, ఎవరికి మూశారు అన్నదే అసలు ప్రశ్న.

విండోస్ 11 అధికారికంగా నడవాలంటే, ఇంటెల్ విషయంలో, ఒకటి రెండు మినహాయింపులు తప్ప, ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతి ప్రాసెసర్ ఉండాలి. దానితో పాటు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు నమ్మదగిన సాఫ్ట్‌వేర్‌నే నడవనిచ్చే సెక్యూర్ బూట్ ఉండాలి. ఎనిమిదో తరం చిప్‌లు మార్కెట్లోకి వచ్చింది 2017లో. అంటే విండోస్ 11 విడుదలైన రోజున ఐదేళ్లు కూడా నిండని కంప్యూటర్లు సైతం గీతకు అవతలే మిగిలిపోయాయి. పాత యంత్రాన్ని మూడేళ్లకోసారి మార్చే పెద్ద కంపెనీలకు ఇది పెద్ద లెక్క కాకపోవచ్చు. మన ప్రాంతంలో పరిస్థితి వేరు. హైటెక్ సిటీ కంపెనీలు వాడి వదిలేసిన ల్యాప్‌టాప్‌లు, డెస్క్‌టాప్‌లు సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట్లకు చేరి, అక్కడి నుంచి నల్లగొండకు, మిర్యాలగూడకు, మహబూబ్‌నగర్‌కు, వనపర్తికి వస్తాయి. డిగ్రీ చదివే పిల్లలకూ, జిరాక్స్ సెంటర్ పెట్టుకున్న కుటుంబానికీ మొదటి కంప్యూటర్ చాలాసార్లు అదే అవుతుంది. వాటిలో ఆరో తరం, ఏడో తరం యంత్రాలు కొల్లలు.

తెర మీద అలాంటి ఒక డెస్క్‌టాప్‌నే చూపిస్తున్నాను. ఆరో తరం ఐ5 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, తర్వాత మార్చి పెట్టిన ఎస్‌ఎస్‌డీ. క్లాక్ టవర్ చుట్టుపక్కల ఏ డీటీపీ దుకాణంలోకి వెళ్లినా ఇలాంటి యంత్రం మీదే పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లలో పెళ్లి పత్రికలు కంపోజ్ అవుతూ కనిపిస్తాయి. ఆ పనికి దీని వేగం ధారాళంగా సరిపోతుంది. ఇప్పుడు స్టార్ట్ మెనూలో టీపీఎం డాట్ ఎంఎస్‌సీ అని కొట్టి చూద్దాం. కింది మూలన స్పెసిఫికేషన్ వెర్షన్ అన్నచోట 2.0 అని ఉంది, గమనించండి. 2016 జూలై నుంచి కొత్త కంప్యూటర్లలో టీపీఎం 2.0 ఉండి తీరాలని తయారీదారులకు నియమం పెట్టిందే మైక్రోసాఫ్ట్. కాబట్టి ఆ కాలపు యంత్రాల్లో అది ఉండటంలో ఆశ్చర్యం లేదు. సెక్యూర్ బూట్ కూడా ఉంది. ఇప్పుడు ఆ సంస్థే ఇచ్చే పీసీ హెల్త్ చెక్ అనే పరీక్షను నడిపితే, టీపీఎం ఎదుట పచ్చ గుర్తు, సెక్యూర్ బూట్ ఎదుట పచ్చ గుర్తు, ప్రాసెసర్ ఎదుట మాత్రం ఎర్ర గుర్తు వచ్చింది. భద్రత కోసమే ఈ నియమాలన్నప్పుడు, భద్రతకు అడిగినవన్నీ ఉన్న యంత్రాన్ని ఎందుకు కాదన్నారో ఆ తెర మీద ఎక్కడా వివరణ లేదు.

సంస్థ ఇచ్చిన సమాధానం కూడా చెప్పాలి. కనీస అర్హతలు లేని యంత్రాల్లో కెర్నెల్ స్థాయి క్రాష్‌లు, అంటే సిస్టమ్ మొత్తం ఆగిపోయే వైఫల్యాలు, 52 శాతం ఎక్కువగా కనిపించాయని 2021 ఆగస్టులో వెల్లడించింది. ఆ అంకెను నేను కొట్టిపారేయను. కానీ అదే ప్రకటనలో ఏడో తరానికి చెందిన కోర్ ఐ7 7820హెచ్‌క్యూ అనే చిప్‌కు మినహాయింపు ఇచ్చింది. మైక్రోసాఫ్ట్ స్వయంగా 2018లో అమ్మకానికి పెట్టిన సర్ఫేస్ స్టూడియో 2లో ఉన్నది ఆ చిప్పే. ఆధునిక డ్రైవర్లతో వచ్చిన కొన్ని యంత్రాలకే అది వర్తిస్తుందని షరతు పెట్టారు, నిజమే. అయినా తన ఖరీదైన యంత్రం కొన్నవారికి దారి దొరికి, అదే తరం చిప్‌తో మామూలు ల్యాప్‌టాప్ కొన్నవారికి దొరకకపోవడాన్ని న్యాయం అనలేను. రూఫస్ లాంటి సాఫ్ట్‌వేర్ పనిముట్లతో, అర్హత లేని యంత్రాల్లోకి కూడా విండోస్ 11ను ఎక్కించుకునే మార్గాలు ఉన్నాయి. అయితే అలా ఎక్కించిన యంత్రాలకు నవీకరణలు అందుతాయన్న హామీ లేదని సంస్థే చెబుతోంది. జీవనాధారమైన కంప్యూటర్ మీద అటువంటి ప్రయోగం చేయమని నేను ఏ దుకాణదారుకూ సలహా ఇవ్వను. సుమారు 24 కోట్ల కంప్యూటర్లు ఈ కారణంగా చెత్తలోకి చేరే ప్రమాదం ఉందని కెనాలిస్ అనే పరిశోధన సంస్థ 2023 డిసెంబరులో అంచనా వేసింది.

ఇక పొడిగింపు పథకం. విండోస్ 10లో ఉండిపోయిన గృహ వినియోగదారులకు 2026 అక్టోబరు 13 వరకు భద్రతా నవీకరణలు ఇచ్చే ఏర్పాటును మైక్రోసాఫ్ట్ తెచ్చింది. ఇది మంచి పనే. కానీ దాని షరతులు చూడండి: 30 డాలర్లు చెల్లించాలి, లేదా మైక్రోసాఫ్ట్ రివార్డ్స్ పాయింట్లు 1000 ఇవ్వాలి, లేదా మన సెట్టింగ్స్‌ను విండోస్ బ్యాకప్ ద్వారా వారి క్లౌడ్‌కు పంపాలి. ఏది ఎంచుకున్నా మైక్రోసాఫ్ట్ ఖాతా తప్పనిసరి. యూరప్‌లో వినియోగదారుల సంఘాలు ఈ షరతులను ప్రశ్నించాయి. దాంతో 2025 సెప్టెంబరులో సంస్థ దిగివచ్చి, యూరోపియన్ ఆర్థిక మండలిలోని దేశాల వారు డబ్బూ చెల్లించనక్కర్లేదు, బ్యాకప్పూ చేయనక్కర్లేదు, ఖాతాతో సైన్ ఇన్ అయితే చాలు అని ఒప్పుకుంది. మనకు ఆ సడలింపు రాలేదు. నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే బాధ కలిగించింది ఇదే. షాద్‌నగర్ దగ్గర ఎలికట్టలో డేటా సెంటర్‌ల కోసం భూములు కొన్న సంస్థ ఇది. భారత్‌లో 17.5 బిలియన్ డాలర్ల పెట్టుబడి పెడతామని 2025 డిసెంబరులో ప్రకటించిన సంస్థ ఇది. 2014 నుంచి దీనికి సీఈఓగా ఉన్న సత్య నాదెళ్ల హైదరాబాద్‌లో పుట్టి పెరిగినవారు. మనవాడు అన్న గర్వం నాకూ ఉంది, కానీ ఆ గర్వం ఈ ప్రశ్న అడగడానికి అడ్డు రాకూడదు: పారిస్‌లోని విద్యార్థికి ఇచ్చిన హక్కు దేవరకొండలోని విద్యార్థికి ఎందుకు లేదు?

విండోస్ 11 హోమ్ తీసుకున్నవారి పరిస్థితికి వద్దాం. కొత్త ల్యాప్‌టాప్‌ను మొదటిసారి తెరిచినప్పుడు ఇంటర్నెట్, మైక్రోసాఫ్ట్ ఖాతా రెండూ లేకుండా ముందుకు కదలనివ్వదు. ఆ అడ్డంకిని దాటడానికి జనం కనిపెట్టుకున్న కమాండ్లను కూడా 2025లో పరీక్షా వెర్షన్లలో ఒక్కొక్కటిగా తొలగిస్తూ వచ్చారు. ఖాతా తెరిచాక డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఫోల్డర్లను వన్‌డ్రైవ్ అనే వారి క్లౌడ్ నిల్వకు బ్యాకప్ చేసే ఏర్పాటు చాలా సందర్భాల్లో మనం స్పష్టంగా కోరకుండానే మొదలైపోతుంది. ఉచితంగా ఇచ్చేది 5 జీబీ. ఒక పెళ్లి ఫొటోల ఫోల్డర్‌తోనే అది నిండిపోతుంది, ఆ తర్వాత స్థలం కొనుక్కోమని సందేశాలు మొదలవుతాయి. సరే అని ఆ బ్యాకప్‌ను ఆపితే, ఫైళ్లు వన్‌డ్రైవ్ ఫోల్డర్‌లోనే ఉండిపోయి, డెస్క్‌టాప్ మీద మీ ఫైళ్లు ఎక్కడున్నాయో చూపే ఒక షార్ట్‌కట్ మిగిలే పరిస్థితి వస్తుంది. కంప్యూటర్ బాగా తెలిసినవారికి అది అర్థమవుతుంది. మీసేవ కేంద్రంలో ఆదాయ ధ్రువపత్రం కోసం స్కాన్ చేసి పెట్టుకున్న కాగితాలు మాయమయ్యాయని హడలిపోయే ఆపరేటర్‌కు ఎవరు చెప్పాలి? పొలం అమ్మేశాక కూడా పాత పట్టాదారు వచ్చి గట్టు జరుపుతూ ఉంటే ఎలా ఉంటుందో, ఈ పద్ధతి నాకు అలాగే కనిపిస్తోంది.

విండోస్ 11లో తెచ్చిన రీకాల్ అనే సౌకర్యం కథ ఇంతకంటే తీవ్రమైనది. చైనాతో సంబంధమున్న హ్యాకర్లు 2023లో మైక్రోసాఫ్ట్ ఈమెయిల్ వ్యవస్థలోకి చొరబడిన ఘటనపై విచారణ చేసిన అమెరికా ప్రభుత్వ సమీక్ష బోర్డు, అది నివారించగలిగిన తప్పుల పరంపర వల్ల జరిగిందని 2024 ఏప్రిల్‌లో తేల్చింది. దానికి స్పందనగా మే 3న నాదెళ్ల ఉద్యోగులకు ఒక లేఖ రాశారు. భద్రతకూ మరో ప్రాధాన్యానికీ మధ్య ఎంచుకోవలసి వస్తే భద్రతనే ఎంచుకోండి అన్నది దాని సారాంశం. మంచి మాట. పదిహేడు రోజుల తర్వాత, మే 20న, అదే సంస్థ రీకాల్‌ను ప్రకటించింది. కొన్ని సెకన్లకోసారి తెర మొత్తాన్ని చిత్రంగా తీసి దాచిపెట్టి, ఎప్పుడు ఏం చూశామో తర్వాత వెతుక్కోనిచ్చే సౌకర్యం అది. అందులో సేకరించిన సమాచారం సులువుగా చదవగలిగే డేటాబేస్‌లో పడి ఉంటోందని కెవిన్ బోమాంట్ అనే భద్రతా నిపుణుడు బయటపెట్టారు. బ్యాంకు వివరాలు, ఆధార్ కాపీలు, ఆసుపత్రి రిపోర్టులు అన్నీ ఒకే తెర మీద తెరుచుకునే మన ఇళ్లలో, ఒకే ల్యాప్‌టాప్‌ను ఇంటిల్లిపాదీ వాడుకునే చోట, దాని పర్యవసానం ఎలా ఉంటుందో ఊహించండి. విమర్శలు వెల్లువెత్తాక జూన్‌లో దాన్ని వెనక్కి తీసుకున్నారు. వాడుకరి కోరితేనే పనిచేసేలా మార్చి, ముఖం, వేలిముద్ర లేదా పిన్‌తో తెరిచే విండోస్ హలో రక్షణ, ఎన్‌క్రిప్షన్ జోడించి, చివరకు 2025 ఏప్రిల్‌లో విడుదల చేశారు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల? ఆ రక్షణలు మొదటి రోజునే పెట్టి ఉంటే ఏడాది పాటు ఆ అపకీర్తి మోయవలసిన అవసరం ఉండేది కాదు.

మైక్రోసాఫ్ట్ వారి ఏఐ సహాయకుడు కోపైలట్ విషయంలోనూ ఇదే తీరు. వర్డ్, ఎక్సెల్ లాంటివి చందా మీద ఇచ్చే మైక్రోసాఫ్ట్ 365లోకి కోపైలట్‌ను చేర్చి ధర పెంచినప్పుడు, కోపైలట్ లేని పాత ధర ప్లాన్ కూడా ఉందన్న సంగతిని ఖాతాదారులకు సరిగా చెప్పలేదని ఆరోపిస్తూ ఆస్ట్రేలియా వినియోగదారుల కమిషన్ 2025 అక్టోబరులో కోర్టుకెక్కింది. సుమారు 27 లక్షల మందికి సంబంధించిన వ్యవహారం అది. రద్దు చేసుకోవడానికి ప్రయత్నించినవారికే ఆ పాత ప్లాన్ కనిపించేదట. నవంబరులో సంస్థ క్షమాపణ చెప్పి డబ్బు వాపసు ఇస్తామంది. అదే నెలలో విండోస్ విభాగాధిపతి పవన్ దావులూరి, విండోస్ ఏజెంటిక్ ఓఎస్‌గా, అంటే మన తరఫున ఏఐ పనులు చేసిపెట్టే వ్యవస్థగా, మారుతోందని రాస్తే, ముందు ఉన్నది సరిగా నడిచేలా చూడండని వాడుకరులు పెద్ద ఎత్తున బదులిచ్చారు. నా అభిప్రాయం కూడా అదే.

ఒక విషయంలో మైక్రోసాఫ్ట్‌ను వెనకేసుకు రావాలి. 2024 జూలై 19న ప్రపంచవ్యాప్తంగా దాదాపు 85 లక్షల విండోస్ యంత్రాలు నీలి తెర దగ్గర ఆగిపోయి, హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసి ఇచ్చిన రోజు గుర్తుండే ఉంటుంది. ఆ తప్పు క్రౌడ్‌స్ట్రైక్ అనే మరో సంస్థ నవీకరణది. అలాగే 2019లో విండోస్ 10లో తెలుగుకు ఫొనెటిక్ కీబోర్డు ఇచ్చినందుకు, ప్రోగ్రాములు రాసుకునే విజువల్ స్టూడియో కోడ్‌ను ఉచితంగా ఇస్తున్నందుకు ఈ సంస్థకు కృతజ్ఞతలు చెప్పడానికి నేను వెనుకాడను. మన ఇంజనీరింగ్ విద్యార్థుల్లో ఎందరికో ప్రోగ్రామింగ్ దాని మీదే అలవాటైంది.

నేను కోరేది రెండు మార్పులు. టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ ఉన్న ఆరో, ఏడో తరం యంత్రాలకు, హెచ్చరిక చూపించి అయినా సరే, విండోస్ 11ను అధికారికంగా అనుమతించాలి. పొడిగింపు పథకంలో యూరప్‌కు ఇచ్చిన సడలింపును భారత్‌కూ ఇవ్వాలి.

విండోస్ 10 మీదే ఉన్నవారు మాత్రం ఇవి జరిగేదాకా ఆగకండి. ముందు మీ కంప్యూటర్‌లో ఉన్నది 22హెచ్2 వెర్షనేనా అని చూసుకోండి. తర్వాత సెట్టింగ్స్‌లో అప్‌డేట్ అండ్ సెక్యూరిటీలోకి వెళ్లి, విండోస్ అప్‌డేట్ పేజీలో ఎన్‌రోల్ నౌ అన్న లింకును నొక్కండి. డబ్బు కట్టనవసరం లేని మార్గం అందులోనే కనిపిస్తుంది. ఒక ఖాతా మీద పది కంప్యూటర్ల వరకు చేర్చుకోవచ్చు కాబట్టి, దుకాణంలో రెండు మూడు యంత్రాలున్నవారు అన్నిటినీ ఒకే ఖాతాతో నమోదు చేసుకోండి. ఆ ఖాతా పాస్‌వర్డ్‌ను దుకాణం యజమాని మాత్రమే ఉంచుకోండి, పనిచేసే కుర్రాళ్లకు వేరే యూజర్ పెట్టి ఇవ్వండి.