పాత డెస్క్‌టాప్‌కి తక్కువ కరెంటు గ్రాఫిక్స్ కార్డు: ఏది వేయించాలి, ఏది వద్దు

నమస్కారమండి. పాలకొల్లు నుంచి మాట్లాడుతున్నాను. మన గోదావరి జిల్లాల్లో ఏ ఫోటో స్టూడియోకి వెళ్లినా ఇదిగో, ఈ రకం మిషనే కనిపిస్తుంది. ఆఫీసులు వాడి వదిలేసిన బ్రాండెడ్ డెస్క్‌టాప్, లోపల ఇంటెల్ నాలుగో జనరేషన్ ఐ ఫైవ్ ప్రాసెసర్. మిషన్ ఇంకా గట్టిగానే ఉంటుంది. కానీ పెళ్లి వీడియో టైమ్‌లైన్‌లో రెండు లేయర్లు పెట్టేసరికి నత్తనడకే. "దీనికి ఏ గ్రాఫిక్స్ కార్డు వేయించుకోమంటారండి?" అని ఎక్కువమంది అడుగుతున్నారు కాబట్టి ఈరోజు దాని గురించే.

ముందుగా ఒక మాట. ట్యాలీ, బిల్లులు, ఆన్‌లైన్ అప్లికేషన్లు, ఇవే మీ పనులైతే కార్డు కొనకండి. ఆ డబ్బులో కొంత పెట్టి ఎస్‌ఎస్‌డీ, అంటే హార్డ్ డిస్కు కంటే వేగమైన డిస్కు వేయించండి, మీకు కావలసిన స్పీడు అక్కడ దొరుకుతుంది.

ఎడిటింగో గేమ్సో ఉన్నవాళ్లు మాత్రం కార్డు రేటు కనుక్కునే ముందు సైడు ప్యానెల్ విప్పండి. పవర్ సప్లై మీద స్టిక్కర్ ఉంటుంది, కెమెరా దగ్గరగా పెడుతున్నాను, చూడండి. పైన పెద్ద అంకెల్లో రాసిన వాట్లు కాదు మనకి ముఖ్యం. కింద పట్టికలో ప్లస్ 12 వోల్ట్ అని ఒక గడి, దాని కింద ఆంపియర్లు. ప్రాసెసర్, కార్డు రెండూ ప్రధానంగా ఆ లైను మీదే బతుకుతాయి. ఆంపియర్లని 12తో గుణించండి. పైన 450 వాట్లని రాసి, ఈ గడిలో 14 ఆంపియర్లే ఉంటే దాని అసలు సత్తా 168 వాట్లు. ఐ ఫైవ్ 4570 ఒక్కదానికే 84 వాట్ల లెక్క. మదర్‌బోర్డు, డిస్కు, ఫ్యాన్లు ఇంకా అలాగే ఉన్నాయి. అందులో పెద్ద కార్డు పెడితే రెండరింగ్ మధ్యలో మిషన్ ఆగిపోతుంది.

ఇక్కడే 75 వాట్ల సంగతి వస్తుంది. మదర్‌బోర్డు మీద ఈ పొడుగు పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్, గ్రాఫిక్స్ కార్డుకి 75 వాట్ల వరకు తనే ఇస్తుంది. ఆ లోపు సరిపెట్టుకునే కార్డుకి విడిగా పవర్ కేబుల్ అక్కర్లేదు. ఈ ఆఫీసు మిషన్లలో చాలావాటికి పవర్ సప్లై నుంచి కార్డుకి వెళ్లే ఆ 6 పిన్ కేబులే ఉండదు. "సాటా కేబుల్, అంటే డిస్కుకి కరెంటిచ్చే కేబుల్ నుంచి కన్వర్టర్ వేసేస్తాం" అని షాపులో అంటే ఒప్పుకోకండి. సాటా కనెక్టర్ 12 వోల్ట్ మీద మోయగలిగేది 54 వాట్లు, 6 పిన్ అడిగేది 75. కనెక్టర్ వేడెక్కి కరిగిపోయే ప్రమాదం ఉంది.

మనకి యూపీఎస్ గొడవ కూడా ఉంది. మామూలు 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది 360 వాట్లే, అదీ బ్యాటరీ కొత్తగా ఉన్నప్పుడు. వేసవిలో కరెంటు పోతే ప్రాజెక్టు సేవ్ చేసుకునే టైమైనా ఇవ్వాలి కదా. తక్కువ కరెంటు కార్డే తీసుకోమని నేను పట్టుబట్టేది అందుకే.

ఇక కార్డులు. జీటీ 1030 గురించి రెండు ముక్కలు చాలు. 30 వాట్లు, 2 జీబీ. డీడీఆర్4 మెమరీతో వచ్చిన రకం జీడీడీఆర్5 రకం కంటే బాగా నెమ్మది, పేరు మాత్రం ఒకటే. పైగా వీడియో ఎన్‌కోడర్, అంటే ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు వీడియోని కుదించే భాగం, లేదు. ఎడిటింగ్ చేసేవాళ్లకి వద్దు.

ఆర్‌ఎక్స్ 6400 చూస్తే ఆశ పుడుతుంది. 53 వాట్లు, 4 జీబీ, సన్నటి కేసుల్లో కూడా పడుతుంది. కానీ అది వాడుకునేవి నాలుగు లేన్లే, అంటే స్లాట్‌లో డేటా నడిచే దారులు నాలుగే. పీసీఐ ఎక్స్‌ప్రెస్ 4వ వెర్షన్‌లో ఆ నాలుగూ చాలు. నాలుగో జనరేషన్ ప్రాసెసర్ మిషన్‌లో ఉన్నది 3వ వెర్షన్, అంటే వేగం సగం. రెండో జనరేషన్‌లో ఉన్నది 2వ వెర్షన్, అంటే పావు వంతు. కాలవ నిండా నీళ్లున్నా తూము ఇరుకైతే చేనుకి అందనట్టు, కార్డు మెమరీ నిండగానే గేమ్ కుదుపులు మొదలవుతాయి. దీనికీ ఎన్‌కోడర్ లేదు. కొత్త బోర్డులకి మంచి కార్డే, మన పాత మిషన్లకి కాదు.

ఇంటెల్ ఆర్క్ ఏ380లో 6 జీబీ, ఏవీ1 అనే కొత్త వీడియో ఫార్మాట్ ఎన్‌కోడింగ్ ఉన్నాయి. దానికి రీసైజబుల్ బార్ అని, ప్రాసెసర్ కార్డు మెమరీ మొత్తాన్ని ఒకేసారి అందుకునే సదుపాయం కావాలి, పదో జనరేషన్ ప్రాసెసర్ల నుంచి వాడమని ఇంటెల్ వాళ్లే చెబుతున్నారు. కాబట్టి పక్కన పెట్టేద్దాం.

గేమ్స్ కోసం, తక్కువలో అయిపోవాలంటే జీటీఎక్స్ 1650. 2019లో వచ్చింది, 4 జీబీ, 75 వాట్లు, పూర్తిగా పదహారు లేన్లు. అందుకే రెండో జనరేషన్ మిషన్‌లో కూడా గొంతు పట్టేసినట్టు ఉండదు. కొన్ని కంపెనీల మోడళ్లకి 6 పిన్ ఉంటుంది, అది లేనిదే అడిగి తీసుకోండి. అదే రేటుకి 1050 టీఐ ఇస్తామంటే వద్దనండి, 2025 అక్టోబర్‌తో దాని గేమ్ డ్రైవర్లు ఆగిపోయాయి, ఇక వచ్చేవి సెక్యూరిటీ అప్‌డేట్లే.

సెకండ్ హ్యాండ్ అయితే డబ్బులిచ్చే ముందు జీపీయూ-జెడ్ సాఫ్ట్‌వేర్‌లో చూడండి, పాత చిప్‌కి కొత్త పేరు పెట్టి అమ్మిన కార్డులని చాలావరకు పట్టేస్తుంది. నరసాపురం, అంతర్వేది వైపు ఉప్పుగాలికి తిరిగిన కార్డయితే ఇక్కడ, స్లాట్‌లో దిగే ఈ బంగారు పళ్ల మీద చూడండి. మచ్చ పట్టి మసకబారితే పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి దులపండి. పచ్చగా చిలుము పట్టి పళ్లు తినేసి ఉంటే మాత్రం వదిలేయండి.

స్టూడియో వాళ్లకి నేను చెప్పేది ఆర్‌టీఎక్స్ 3050, 6 జీబీ. 2024 ఫిబ్రవరిలో వచ్చింది, 70 వాట్లు, ఎనిమిది లేన్లు, మంచి ఎన్‌కోడర్. సన్న కేసుకి లో ప్రొఫైల్, అంటే ఎత్తు తక్కువ మోడళ్లు కూడా ఉన్నాయి. జాగ్రత్త, అదే పేరుతో 8 జీబీ కార్డు ఉంది, దానికి 130 వాట్లు, కేబుల్ తప్పనిసరి. బిల్లు మీద 6 జీబీ అని రాయించుకోండి. ఇంకో సంగతి, షాపుల్లో ఎవరూ చెప్పనిది. మీ మిర్రర్‌లెస్ కెమెరాలో 10 బిట్ 4:2:2 హెచ్.265లో (రంగుల వివరం ఎక్కువ దాచే రికార్డింగ్ సెట్టింగ్) షూట్ చేస్తుంటే, ఆ ఫైళ్లని ఈ కార్డు డీకోడ్ చేయలేదు, భారమంతా పాత ప్రాసెసర్ మీదే పడుతుంది. ప్రాక్సీలు, అంటే ఎడిటింగ్ కోసం తేలికపాటి నకలు ఫైళ్లు, చేసుకుని ఎడిట్ చేయండి, లేదా 4:2:0లో షూట్ చేయండి. ఎక్స్‌పోర్ట్‌లో మాత్రం తేడా బాగా తెలుస్తుంది.

మానిటర్ వెనక నీలం వీజీఏ పోర్టు ఒక్కటే ఉందా? 1650కి గానీ 3050కి గానీ వీజీఏ సిగ్నల్ రాదు. హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి మార్చే చిన్న కన్వర్టర్ కొనండి, లోపల చిప్ ఉన్నది. బయోస్, అంటే మిషన్‌ని స్టార్ట్ చేసే మదర్‌బోర్డు ప్రోగ్రాం, అప్‌డేట్ చేయాల్సి ఉంటే మదర్‌బోర్డు సొంత డిస్‌ప్లే మీదే చేసేసి, తర్వాత కార్డు పెట్టండి.

కేసు సన్నదో పెద్దదో, మీ ప్రాసెసర్ పేరు, స్టిక్కర్ మీద 12 వోల్ట్ గడిలో ఉన్న ఆంపియర్లు కామెంట్‌లో రాయండి. ఏ కార్డు పడుతుందో చూసి చెబుతానండి.