లోవెల్ కాలువలు, ఒక పిచ్చి తలుపు

హోస్ట్: అన్నా, అమెరికాలో లోవెల్ అనే ఊరు వెళ్లొచ్చారట కదా. అక్కడ కాలువల్లో పడవలు తిరుగుతాయా?

అతిథి: ఎండాకాలంలో టూరిస్టు పడవలు తిరుగుతాయమ్మా. కానీ ఊరిని పెంచింది పడవలు కాదు. పాటకెట్ కాలువ ఒక్కటే పడవల కోసం తవ్వింది, 1796లో, మెరిమాక్ నది జలపాతాన్ని తప్పించుకు పోవడానికి. తర్వాత బోస్టన్ వ్యాపారుల కన్ను ఆ జలపాతం మీదే పడింది. 32 అడుగుల దూకుడు! ఆ నీళ్లు కాలువల్లోకి మళ్లించి చక్రాల మీద పడేశారు. 1823లో మొదటి పెద్ద బట్టల మిల్లు నడిచింది.

హోస్ట్: అంటే నీళ్లే కరెంటు.

అతిథి: అంతే. మగ్గాల మీద పల్లెల నుంచొచ్చిన ఆడపిల్లలు. కూలి తగ్గిస్తామంటే 1834లోనే సమ్మె కట్టారు. పత్తి మాత్రం అమెరికా దక్షిణాదిలో బానిసలు ఏరింది. బూట్ అనే పేరున్న పాత బట్టల మిల్లు ఇప్పుడు మ్యూజియం. మగ్గాలు నిజంగానే ఆడిస్తారు. లోపలికెళ్లేముందు చెవుల్లో పెట్టుకోడానికి ప్లగ్‌లు ఇచ్చారు. నేను చేనేత వీధిలో పుట్టినవాణ్ణి, మగ్గం చప్పుడుకు నాకేం భయమనుకున్నా. కాళ్ల కింద చెక్కనేల అదురుతుంటే నోరు మూతపడింది.

హోస్ట్: (నవ్వు) మరి ఆ పిచ్చి తలుపు?

అతిథి: ఆ కాలువల ఇంజినీరు జేమ్స్ ఫ్రాన్సిస్. పాత వరదల లెక్కలు తిరగేసి, పాటకెట్ కాలువ మీద పెద్ద పెద్ద దుంగలతో తలుపు కట్టించి ఇనుప పట్టీతో పైన వేలాడదీశాడు. 1850కి పూర్తయింది. జనం 'ఫ్రాన్సిస్ పిచ్చి' అని నవ్వారు. రెండేళ్లకే, 1852 ఏప్రిల్‌లో, నది పొంగింది. ఉలితో పట్టీ తెగ్గొట్టారు, తలుపు ధన్‌మని దిగింది, ఊరు నిలిచింది.

హోస్ట్: ఫ్రాన్సిస్... ఈ పేరు ఇంజినీరింగ్‌లో చదివినట్టుందే?

అతిథి: ఫ్రాన్సిస్ టర్బైన్! ఆయనే. మిల్లుల కోసం నీటిచక్రాన్ని మెరుగుచేస్తూ తయారుచేశాడు. మన శ్రీశైలంలో కరెంటు తీసేవి ఆ రకం టర్బైన్లే.

హోస్ట్: అబ్బో! తలుపు ఇంకా ఉందా?

అతిథి: ఉంది. 1936 వరదకి మళ్లీ దించారు. ఈసారి ఎవరూ నవ్వలేదులే.