తలనొప్పికి టాబ్లెట్ వేసే ముందు

అందరికీ నమస్కారం అమ్మా. ఆదివారం పూట వంటపని పక్కనపెట్టి వచ్చారు, అందుకని నేరుగా విషయానికొచ్చేస్తా. నర్సుగా పనిచేసినన్నాళ్ళూ చూశాను, తలనొప్పి అని వచ్చినవాళ్ళు ఏం రాయాలి, ఏం మింగాలి అనే అడుగుతారు, ఎప్పుడొస్తోందమ్మా అంటే మాత్రం చప్పున చెప్పలేరు. నాకు ముందు కావాల్సింది అదే.

మన గుంటూరులో మిర్చి సీజన్ అంటే ఎండాకాలం కూడా. తొడిమలు తీసే పనికెళ్ళే అక్కలు ఇక్కడే ఉన్నారు, బాత్రూంకి వెళ్ళే వీలుండదని పొద్దున్నుంచీ నీళ్ళే తాగరు, సాయంత్రానికి కణతలు పగిలిపోతున్నాయంటారు. మూత్రం ముదురు పసుపుగా వస్తుంటే నీళ్ళు చాలట్లేదనే అర్థం. ఉప్పేసిన పల్చటి మజ్జిగో, నిమ్మకాయ నీళ్ళో తాగి ఓ గంట నీడపట్టున పడుకోండి, చాలామందికి అక్కడే తగ్గిపోద్ది.

ఇక కార్తీక సోమవారాలు. ఉపవాసం వల్లే తల నొస్తోందంటారు గానీ రోజూ రెండు మూడు కాఫీలు తాగేవాళ్ళు ఒక్కసారిగా మానేస్తే 12 నుంచి 24 గంటల్లోపు తలనొప్పి మొదలవ్వచ్చు, ఆకలి కూడా తోడైతే ఇంక చెప్పక్కర్లేదు. అలాంటివాళ్ళు నాలుగు రోజుల ముందు నుంచే కాఫీ కొంచెం కొంచెంగా తగ్గించుకోండి. జడ బిగించి అల్లి బరువుగా పూలు పెట్టుకున్నా నొప్పొస్తుంది, వదులు చేస్తే పోతుంది, దానికి మందెందుకు?

నుదుటి చుట్టూ పట్టీ బిగించినట్టుంటే అది టెన్షన్ తలనొప్పి. మెడ, భుజాలు మెల్లగా నొక్కించుకోండి, వేడినీళ్ళ గుడ్డ మెడమీద వేసుకోండి. శొంఠి కొమ్ము సానమీద నాలుగు చుక్కల నీళ్ళతో అరగదీసి పల్చగా పట్టు వేసుకోవడం మనకి అలవాటేగా, వేసుకోండి, కళ్ళకి తగలనివ్వద్దు, బాగా మండితే కడిగేయండి. అమృతాంజనం కూడా మన కృష్ణా జిల్లా కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో పెట్టిందే, దాంట్లో మెంథాల్, కర్పూరం ఉంటాయి, పసిపిల్లలకి మాత్రం దయచేసి రాయొద్దు. ఒకవైపే దడదడా కొట్టుకుంటూ, వాంతి వచ్చేట్టుండి, వెలుతురు చూడలేకపోతే మైగ్రేన్ అయ్యుంటుంది, దానికి చీకటి గది, నుదుటిమీద చల్లటి గుడ్డ, నిద్ర.

నన్ను ఎక్కువ బాధపెట్టేది వేరే. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే మాత్రలు. పారాసిటమాల్ లాంటిది నెలలో 15 రోజులు, రెండు మూడు మందులు కలిపినవైతే 10 రోజులు, అలా మూడు నెలలు దాటి వాడితే ఆ మాత్రే తలనొప్పి తెప్పిస్తుంది, తగ్గట్లేదని ఇంకోటి వేస్తారు, మళ్ళీ అదే. అందుకే వంటింటి క్యాలెండర్ మీద పాల లెక్క రాస్తారు చూడండి, ఆ పక్కనే నొప్పి వచ్చిన టైము, వేసుకున్న మాత్ర రాయండి. డాక్టర్‌కి ఆ కాగితం చూపిస్తే చాలు.

ఇంటి వైద్యం పనికిరాని నొప్పులూ ఉన్నాయి. ఉన్నట్టుండి ఎప్పుడూ లేనంత భరించలేని నొప్పి, జ్వరంతో మెడ బిగుసుకుపోవడం, మాట తడబడటం, చెయ్యో కాలో పట్టు తప్పడం, తలకి దెబ్బ తగిలాక వచ్చేది, వీటికి శొంఠి అరగదీస్తూ కూర్చోకుండా 108కి ఫోన్ చేయండి. గర్భిణులకి గట్టి తలనొప్పి వచ్చినా, యాభై దాటాక కొత్తగా మొదలైనా అశ్రద్ధ చేయొద్దు.

బీపీ మిషన్ తెచ్చాను. కడుపుతో ఉన్నవాళ్ళు ముందు రండమ్మా.