మీటింగుకి రాని అమ్మకి శ్రద్ధ లేదనకండి

(తెర మీద: మిరప చేను. గట్టున చెట్టు కొమ్మకి చీరతో కట్టిన ఉయ్యాల.)

"ఆ తల్లిదండ్రులకి పిల్లల చదువంటే పట్టదండీ." అంగన్‌వాడీల ప్రస్తావన ఎక్కడొచ్చినా ఈ మాట వినపడుతుంది. విన్న ప్రతిసారీ నాకు ఒళ్ళు మండిపోతుంది. ఎలా తెలుసండీ అని అడిగితే, మీటింగుకి రాలేదుగా అంటారు. అంతే, తీర్పు అయిపోయింది.

సరే, రాని ఆ అమ్మ ఆ టైముకి ఎక్కడుందో చూద్దాం. కోసిగి దగ్గర ఒక పల్లె అనుకోండి. కర్నూలు జిల్లా పడమటి మండలాల నుంచి ఏటా కుటుంబాలకి కుటుంబాలే గుంటూరు వైపు మిరప కోతలకి పోతాయి. బడికెళ్ళే పిల్లల కోసం సీజనల్ హాస్టళ్ళు పెట్టారు, మంచిదే. నాలుగేళ్ళ పిల్లని హాస్టల్లో వదల్లేరు కదా! అమ్మతో పాటే బండెక్కుతుంది. ఊళ్ళో రిజిస్టర్లో ఆ పిల్ల గైర్హాజరు. ఇక్కడ గట్టు మీద తమ్ముడి ఉయ్యాల ఊపుతూ ఉంటుంది. కాయ ముట్టుకున్న చేత్తో కళ్ళు నులుముకుని గుక్కపట్టి ఏడిస్తే, అమ్మ సాలు మధ్యలో వదిలేసి పరిగెత్తుకొస్తుంది. చాలాచోట్ల కోసిన కాయ తూకాన్ని బట్టే కూలి. లేచొచ్చిన ప్రతిసారీ ఆ మేరకి డబ్బు పోయినట్టే. ఈమెకా పిల్లలంటే పట్టనిది?

(తెర మీద: కల్లంలో ఆరబోసిన మిరపకాయలు)

ఇదే అమ్మని కల్లంలో చూడండి. నిగనిగలాడే కాయ ఇటు, తెల్లమచ్చ పడ్డ తాలుకాయ అటు. చెయ్యి ఆగదు, చూపు తప్పదు. పక్కన పిల్ల చింతగింజలు ఒక కుప్ప, గులకరాళ్ళు ఒక కుప్ప పెడుతూ ఉంటుంది. అంగన్‌వాడీలో రంగు పూసలిచ్చి, వర్గీకరణ అని పేరు పెట్టి మనం చేయించేది ఇదేనండీ! లెక్కలకి పునాది అదే. మూడు నుంచి ఆరేళ్ళ పిల్లల కోసం 2024లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన 'ఆధారశిల' పాఠ్యప్రణాళిక కూడా ఆటలతోనే నేర్పమంటోంది. ఆ ఆట ఈ ఇంట్లో ముందే ఉంది. అంగన్‌వాడీ ఎప్పుడూ అడగలేదు, అందుకే తెలియలేదు.

అంగన్‌వాడీల్లో నెలకోసారి ఈసీసీఈ డే, అంటే చిన్నపిల్లల సంరక్షణ, చదువు గురించిన రోజు, జరపాలని నియమం ఉంది. అమ్మానాన్నల్ని పిలవాలి, పిల్లలు ఏం చేస్తున్నారో చూపించాలి. కానీ పొద్దున పదకొండుకి పెడితే మిరప కోతకెళ్ళే అమ్మ ఎలా వస్తుంది? ఊళ్ళో ఉన్న నెలల్లోనైనా ఆమెకి తీరిక ఎప్పుడో అడిగి, ఆ వేళకి పెట్టాలి. వచ్చాక కుర్చీలో కూర్చోబెట్టి ఉపన్యాసం ఇవ్వొద్దు. గింజలు ముందు పోసి, "అమ్మా, నువ్వు ఎలా ఏరతావో పిల్లలకి చూపించు" అనండి. నన్నడిగితే, వంద పోస్టర్లకంటే ఇదే ఎక్కువ.

టీచర్ల మీద బరువు నాకు తెలుసు. సర్వేలు, రిజిస్టర్లు, ఫోన్లో యాప్ పని, పైగా చాలీచాలని వేతనం. ఇది కూడా ఒంటరిగా మీరే మొయ్యండి అంటే అన్యాయం. సమయం మార్చుకునే స్వేచ్ఛ సూపర్‌వైజర్లు ఇవ్వాలి.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరు వైపు గోండీ, కొలామీ అనే గిరిజన భాషలు మాట్లాడే ఇళ్ళున్నాయి. 2020 జాతీయ విద్యా విధానం వీలైనచోటల్లా ఇంటి భాషలోనే మొదలుపెట్టమంది. అక్కడ కథ చెప్పాల్సింది అవ్వే, ఆమెని పిలవండి. కోనసీమలో అమ్మ కువైట్‌లో ఉంటే కబురు అమ్మమ్మకి చెప్పండి, అమ్మకి వాయిస్ మెసేజ్ పంపండి. చదవడం రాని ఇంటికి కాగితం పంపి సంతకం అడగొద్దు.

మళ్ళీ మన మిరప కోత అమ్మ దగ్గరికి. గుంటూరు వైపు వెళ్ళినా పిల్ల గుడ్డు, పాలు, ఆటలు ఆగక్కర్లేదు. అంగన్‌వాడీల వివరాలు నమోదు చేసే పోషణ్ ట్రాకర్ యాప్‌లో పేరుని ఒక అంగన్‌వాడీ కేంద్రం నుంచి ఇంకో కేంద్రానికి మార్చే వీలుంది. బయల్దేరే ముందు ఊరి టీచర్‌కి చెప్పాలని ఆ అమ్మకి తెలియాలి. చేను ఉన్న ఊరి టీచర్ గట్టు దాకా ఒకసారి వెళ్ళి చూడాలి. మీ ఊళ్ళోకి కోత కూలీలు వచ్చి ఉంటే, ఈ వీడియో ముందు ఆ టీచర్‌కి పంపండి.