ఏ మెట్టు దగ్గర ఆగింది?

సంచాలకురాలు: నమస్కారం. సంతాన సాఫల్య చికిత్స గురించి మన చెవిన పడే కథలు చాలావరకు రెండు వాక్యాలలో ముగిసిపోతాయి. చాలా ఏళ్ళు పిల్లలు కలగలేదు, ఆ తరువాత కవలలు పుట్టారు. ఆ రెండు వాక్యాల నడుమ గడిచే కాలం గురించి మాట్లాడటానికి తెనాలి దగ్గరి ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం బోధించే ఉపాధ్యాయురాలు ఈరోజు మనతో ఉన్నారు. ఆమె కోరిక మేరకు పేరు చెప్పడం లేదు. అక్కా, మీ చికిత్స మొదలై ఎంతకాలమైంది?

అతిథి: ఐదో ఏడు నడుస్తోందమ్మా. ఈ ఐదేళ్ళలో నాకు జరిగిన వాటన్నిటికీ మా ఇంట్లో ఒకటే మాట వాడతారు, "మళ్ళీ పోయింది" అని. నిజానికి మొదటిసారి, బయట తయారుచేసిన పిండాన్ని గర్భసంచిలో పెట్టనే లేదు. రెండోసారి పెట్టారు గానీ నిలవలేదు. మూడోసారి పెట్టేలోపే మరో జబ్బు బయటపడింది. మూడూ మూడు వేరు వేరు సంగతులైనప్పుడు, అన్నిటినీ ఒకే మాటతో కలిపేస్తే తరువాత ఏం చేయాలో ఎవరికీ తోచదు. నేను కూడా చాలాకాలం అలాగే కలిపేసి ఏడ్చాను.

సంచాలకురాలు: మొదటిసారి పెట్టకపోవడానికి కారణం ఏమిటి?

అతిథి: నాకు పీసీఓడీ, అంటే అండాశయాల్లో చిన్న చిన్న నీటిబుడగలు కనిపించే హార్మోన్ల సమస్య ఉంది. అటువంటివారిలో మందులకు అండాశయాలు అవసరానికి మించి స్పందించే ప్రమాదం ఉంటుంది. రాత్రి పదిన్నరకు గుడ్లు పక్వం కావడానికి చివరి ఇంజెక్షన్, ట్రిగ్గర్ అంటారు, అది ఇచ్చి, సరిగ్గా 36 గంటల తరువాత గుడ్లు తీస్తే 24 వచ్చాయి. అందరూ సంబరపడ్డారు, నేనూ పడ్డాను. ఇంటికి వచ్చిన మూడో రోజున నా చుడీదారు నాడా ముడి పడలేదు. రెండు రోజుల్లో మూడున్నర కిలోల బరువు పెరిగాను, మూత్రం తగ్గిపోయింది, పడుకుంటే ఊపిరి ఆడలేదు. ఆసుపత్రిలో ఆరు రోజులు ఉంచారు. ప్రతి ఉదయం నర్సు టేపుతో నా పొట్ట చుట్టుకొలత తీసేది. టేపు రోజూ ఒకే చోట పడాలని బొడ్డు పక్కన పెన్నుతో చిన్న గీత గీసింది. స్నానం చేసినప్పుడల్లా ఆ గీత చెరిగిపోకుండా చూసుకోవడమే అప్పట్లో నా పని.

సంచాలకురాలు: అండాశయాలు అతిగా స్పందించే ఈ జబ్బునే ఓహెచ్ఎస్ఎస్ అంటారు కదా. మా శ్రోతలకు మీ తరగతిలో చెప్పినట్టు చెప్పండి.

అతిథి: ట్రిగ్గర్‌గా ఇచ్చే హెచ్‌సీజీ అనే హార్మోను ప్రభావంతో, ఉబ్బిన అండాశయాలు వీఈజీఎఫ్ అనే పదార్థాన్ని ఎక్కువగా విడుదల చేస్తాయి. దానివల్ల సన్నని రక్తనాళాల గోడలు నీటిని పట్టి ఉంచలేక పొట్టలోకి వదిలేస్తాయి. లోపల రక్తం చిక్కబడుతుంది, గడ్డలు కట్టే ప్రమాదం కూడా ఉంటుంది. ఆ స్థితిలో పిండాన్ని పెట్టి గర్భం వస్తే, అదే హెచ్‌సీజీ శరీరంలోనే తయారవుతూ జబ్బును ఇంకా ముదిరేలా చేస్తుంది. అందుకే పిండాలన్నిటినీ ఫ్రీజ్ చేసి ఆగమన్నారు. మా అత్తగారు దాన్ని "పోవడం" అన్నారు గానీ, అది నన్ను కాపాడిన నిర్ణయం. నా కోపం వేరే చోట ఉంది. పీసీఓడీ ఉన్నవారికి హెచ్‌సీజీ బదులు వేరే రకం ట్రిగ్గర్ ఇచ్చి ఈ ముప్పును బాగా తగ్గించే వీలుందని నాకు ముందుగా ఎవరూ చెప్పలేదు. బరువు చూసుకోమన్న హెచ్చరిక డిశ్చార్జి కాగితం అడుగున చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది, అంతే.

సంచాలకురాలు: ఫ్రీజ్ చేసిన పిండం అంటే చాలామందికి ఇప్పటికీ అనుమానమే.

అతిథి: మన దేశంలో మొదటి టెస్ట్‌ట్యూబ్ బిడ్డ అలాగే పుట్టిందమ్మా. కలకత్తాలో డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ్ పిండాన్ని 53 రోజులు శీతలీకరించి ఉంచి, ఆ తరువాత తల్లి గర్భంలో పెట్టారు. 1978 అక్టోబర్ 3న పాప పుట్టింది. ఇంగ్లండులో ప్రపంచపు మొదటి టెస్ట్‌ట్యూబ్ బిడ్డ లూయీస్ బ్రౌన్ పుట్టి అప్పటికి మూడు నెలలైనా కాలేదు. ప్రభుత్వం వేసిన కమిటీ ఆయన మాట నమ్మలేదు, 1981లో ఆయన ఆత్మహత్య చేసుకున్నారు. మా పిల్లలకు ఈ పాఠం చెప్పేటప్పుడు నా గొంతు కొంచెం మారుతుంది. ఎందుకో వాళ్ళకు తెలియదు.

సంచాలకురాలు: రెండోసారి సంగతి?

అతిథి: మొదట గర్భసంచి పొర మందం చాలక ఒక నెల వాయిదా పడింది, దాన్ని నేను లెక్కలో వేసుకోను. తరువాతి నెలలో పెట్టారు. గర్భం వచ్చిందో లేదో చెప్పే రక్తపరీక్ష, బీటా హెచ్‌సీజీ, 42 వచ్చింది. తక్కువే, అయినా పాజిటివే. మా అత్తగారు ఆ సాయంత్రమే తిరుపతికి మొక్కుకున్నారు. 48 గంటల్లో అది దాదాపు రెట్టింపు కావాలి. రెండో ఫలితం మూడో పీరియడు అయ్యాక ఫోనుకు వచ్చింది, 19. చేతిలో సుద్దముక్క ఉంది, నాలుగో పీరియడుకు తొమ్మిదో తరగతి. పాఠం కణ విభజన. చెప్పేశాను. ఎలా చెప్పానో ఇప్పటికీ గుర్తు లేదు.

సంచాలకురాలు: ఇంట్లో ఎలా చెప్పారు?

అతిథి: నేను చెప్పలేదు, మా ఆయన చెప్పారు. గట్టిగా ఏడ్చినవాళ్ళెవరూ లేరు. అత్తగారు గర్భం నిలవడానికి ఇచ్చిన నూనె ఇంజెక్షన్ల వల్ల నా తుంటి మీద కట్టిన గడ్డలకు అంతకుముందు రోజుల్లాగే ఉప్పు కాపడం పెట్టి, దీపం ఆర్పి వెళ్ళారు. ఎదురింటావిడ మాత్రం మరునాడు "ఏమైనా విశేషమా?" అని అడిగింది.

సంచాలకురాలు: ఆ తరువాత బయటపడిన జబ్బు?

అతిథి: ఇంకో డాక్టరమ్మ స్కాన్‌లో కుడివైపు ట్యూబు నీటితో ఉబ్బి ఉందని చూశారు. ఆ నీరు గర్భసంచిలోకి దిగితే పిండం అతుక్కోవడం కష్టమవుతుందట. ట్యూబు ఎందుకు చెడిందని గర్భసంచి పొర ముక్క పరీక్షకు పంపితే టీబీ అని తేలింది. "నాకు దగ్గు కూడా లేదు కదండీ" అన్నాను. జీవశాస్త్రం టీచరును, నేనే ఆ మాట అన్నాను. జననాంగాల టీబీకి దగ్గు ఉండనక్కర్లేదు, మన దేశంలో సంతానలేమికి అది ముఖ్యమైన కారణాల్లో ఒకటి. ఆరు నెలల మందులు, వాటిలో రిఫాంపిసిన్ వల్ల మూత్రం నారింజ రంగులోకి మారుతుంది. మొదటి రోజు రక్తమనుకుని మా ఆయనను నిద్ర లేపాను. కోర్సు ముగిశాక లాపరోస్కోపీ, అంటే చిన్న రంధ్రాల ద్వారా చేసే ఆపరేషన్ చేసి, నీరు గర్భసంచిలోకి దిగకుండా ఆ ట్యూబుకు క్లిప్పు వేశారు.

సంచాలకురాలు: అంటే రెండోసారి నిలవకపోవడానికి అదే కారణమా?

అతిథి: కావచ్చునన్నారు, అదేనని ఎవరూ చెప్పలేరు. నేనిప్పుడు ప్రతిసారీ డాక్టరును అడిగే ప్రశ్న ఒకటే: ఏ మెట్టు దగ్గర ఆగింది? గుడ్డు దగ్గరా, పిండం దగ్గరా, పొర దగ్గరా? "బ్యాడ్‌లక్ అమ్మా" అనే సమాధానం వస్తే, కాగితం మీద రాసివ్వమంటాను. రాయరు. అప్పుడు ఫైలు మళ్ళీ తెరుస్తారు.

సంచాలకురాలు: ఇంకా పిండాలు ఉన్నాయా?

అతిథి: రెండు ఉన్నాయి. 2021 చట్టం ప్రకారం పదేళ్ళకు మించి నిల్వ ఉంచకూడదు, మాకు ఇంకా గడువు ఉంది. మే నెలలో పెడతామన్నారు. నాకున్న సెలవులన్నీ అయిపోయాయి గనుక వేసవిలోనే కుదురుతుంది, జూన్‌లో బడి తెరిచేలోపు ఫలితం తెలుస్తుంది. నూనె ఇంజెక్షన్లు వేసే నర్సమ్మ మా వీధిలోనే ఉంటుంది. మే నెలంతా పుట్టింటికి వెళ్ళవద్దని ఆమెకు ఇప్పుడే చెప్పి ఉంచాను.