డ్రైవు పోయింది, షేరు పెరిగింది: బెంగళూరు స్టూడియో చర్చ

(మాటలు దిద్దలేదు. ఒకరు ఎక్కువసేపు మాట్లాడారు, మిగతా ఇద్దరి మాటలు చాలాచోట్ల తెగిపోయాయి. ఒక్కచోట తగ్గించడం తప్ప ఉన్నది ఉన్నట్టే ఇస్తున్నాం.)

వ్యాఖ్యాత: నమస్కారం. ఈ వారం మీరు పంపిన ప్రశ్నల్లో ఎక్కువ మెమరీ కార్డులు, డ్రైవులు అమ్మే శాన్‌డిస్క్ మీదే. 2023లో ఆ బ్రాండు ఎక్స్‌ట్రీమ్, ఎక్స్‌ట్రీమ్ ప్రో పోర్టబుల్ ఎస్ఎస్‌డీల్లో, అంటే చిప్పుల్లో డేటా దాచే చిన్న డ్రైవుల్లో, ఫైళ్లు ఉన్నట్టుండి మాయమవుతున్నాయని గోల మొదలైంది. అప్పటి యజమాని వెస్టర్న్ డిజిటల్ ఫర్మ్‌వేర్‌కి, అంటే డ్రైవుని నడిపే లోపలి సాఫ్ట్‌వేరుకి, అప్‌డేట్ ఇచ్చింది. ఆగస్టులో కాలిఫోర్నియా ఫెడరల్ కోర్టులో క్లాస్ యాక్షన్ దావాలు, అంటే కొన్నవాళ్లందరి తరఫున వేసేవి, పడ్డాయి. 2025 ఫిబ్రవరిలో శాన్‌డిస్క్ వేరుపడి అమెరికా స్టాక్ మార్కెట్ నాస్‌డాక్‌కి వచ్చింది, షేరు పరుగందుకుంది. మరి పాత ఫిర్యాదుల్ని మదుపరి లెక్కలోకి తీసుకోవాలా? ముగ్గురికీ సమానంగా సమయం ఇస్తాను. ఎలక్ట్రానిక్ సిటీలో పనిచేస్తూ అమెరికా షేర్లలో పెట్టుబడి పెట్టే మదుపరి, బ్యాంకులో రిటైరై జయనగర్‌లో ఉంటున్న పెద్దాయన, ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే ఎస్పీ రోడ్డు దగ్గర, పాడైన డ్రైవుల్లోంచి ఫైళ్లు బయటికి తీసే డేటా రికవరీ ల్యాబు నడిపే ఇంజినీరు గారు వచ్చారు. సార్, మీతో మొదలుపెడదాం.

మదుపరి: థాంక్సండీ. సూటిగా చెప్తా. ఈ ఫిర్యాదులు షేరుకి సంబంధించినవే కావు. శాన్‌డిస్క్ బతికేది ఫ్లాష్, అంటే డేటా దాచే చిప్పుల, ధర మీద. డేటా సెంటర్లు కొంటున్నాయి, సరుకు చాలట్లేదు, ధర పెరుగుతోంది. పెళ్లి వీడియోలు తీసేవాళ్లు కొనే పెట్టెలు అందులో ఏ మూలకి? నేను క్వార్టర్లీ రిజల్ట్స్ చదువుతా...

రికవరీ ఇంజినీర్: ఆ పెట్టెలు కొన్నవాళ్లే కదండీ మా దగ్గరికి...

మదుపరి: ఒక్క నిమిషం మేడం, పూర్తి చేయనివ్వండి. ఏ డ్రైవైనా పోతుంది. ఇది పోయిందని దావా వేశారు, సరే. దావా వేసినంత మాత్రాన తప్పు రుజువైనట్టా?

వ్యాఖ్యాత: నాకు ముందు ఒకటి తేలాలి. వారంటీ డేటాకి వర్తించదు. డ్రైవుకి బదులు డ్రైవు ఇస్తారు. అందులో ఉన్న పాప మొదటి పుట్టినరోజు ఎవరిస్తారు? వారంటీలో డేటా ఎందుకు లేదు?

మదుపరి: ఎందుకంటే కంపెనీలు మామూలుగా ఇవ్వవు కాబట్టి! డేటా విలువ ఎవరు కడతారండీ? నాలుగు వేల డ్రైవులో నాలుగు కోట్ల సినిమా పెట్టుకుంటే కంపెనీ బాధ్యతా?

రికవరీ ఇంజినీర్: నేను చెప్పొచ్చా? పాత హార్డ్ డిస్కు చాలాసార్లు పోయేముందు చప్పుడు చేస్తుంది, నెమ్మదిస్తుంది. ఎస్ఎస్‌డీలో చాలాసార్లు ఆ గడువు ఉండదు. చిప్పుల్ని నడిపే కంట్రోలర్ దెబ్బతింటే మొత్తం ఒకేసారి పోతుంది. ఇంకోటి, చాలా పోర్టబుల్ ఎస్ఎస్‌డీల్లో కంట్రోలరే డేటాని ఎన్‌క్రిప్ట్ చేసి, అంటే రహస్య లిపిలోకి మార్చి, రాస్తుంది. చిప్పులు ఊడదీసి చదివినా పనికొచ్చేది ఏమీ దొరకదు. కన్నడ పెళ్లి ఒకటి, మూడు రోజుల షూటింగ్, ఒకే డ్రైవులో వచ్చింది... బ్రాండు పేరు చెప్పను. ఆ అబ్బాయి మా బల్ల దగ్గర నిలబడి...

మదుపరి: బ్యాకప్ ఎందుకు పెట్టుకోలేదు?

రికవరీ ఇంజినీర్: పెట్టుకోవాల్సిందే. మూడు కాపీలు, రెండు రకాల పరికరాలు, ఒకటి వేరే చోట. ఫొటోగ్రాఫర్లకి మేము రోజూ చెప్పేదే. కానీ షూటింగ్ అయిన రాత్రే రెండో కాపీ తీసుకునేలోగా పోతే?

వ్యాఖ్యాత: అందుకే అడుగుతున్నా, వారంటీలో...

విశ్రాంత అధికారి: బాబూ, నన్ను కాస్త చెప్పనివ్వండి. ఇదంతా ఒకసారి చూసిందే. ఐయోమెగా అనే అమెరికా కంపెనీ జిప్ డ్రైవు, ఫ్లాపీలాగే డిస్కులు మార్చుకునేది, 1995లో వచ్చింది. ఫ్లాపీలో 1.44 ఎంబీ పట్టే రోజుల్లో ఒక డిస్కులో 100 ఎంబీ. అమెరికాలో చిన్న మదుపరులు మోట్లీ ఫూల్ అనే ఇంటర్నెట్ వేదిక చర్చల్లో రాత్రింబవళ్లు ఆ షేరు గురించే మాట్లాడుకునేవాళ్లు. యూటా రాష్ట్రంలో రాయ్ అనే ఊళ్లో కంపెనీ ఆఫీసు ఉండేది. అక్కడికెళ్లి పార్కింగులో కార్లు లెక్కబెట్టి, ఫ్యాక్టరీ ఎంత జోరుగా నడుస్తోందో అంచనా కట్టినవాళ్లూ ఉన్నారు. 1996 మే నెలలో షేరు శిఖరానికి చేరింది. ఆ తర్వాత టక్ టక్ మొదలైంది.

వ్యాఖ్యాత: క్లిక్ ఆఫ్ డెత్.

విశ్రాంత అధికారి: అదే. హెడ్డు డిస్కుని చదవలేక వెనక్కి పోయి మళ్లీ వస్తుంది, ఆ చప్పుడు. దెబ్బతిన్న డ్రైవు మంచి డిస్కుని పాడుచేసేది, ఆ డిస్కు పెడితే ఇంకో డ్రైవు పాడయ్యేది. ఆటలమ్మ ఇల్లిల్లూ తిరిగినట్టు. కంపెనీ ఏమందీ? నూటికి ఒక్కరికి కూడా లేదంది. స్టీవ్ గిబ్సన్ అనే ప్రోగ్రామర్ డ్రైవుల్ని పరీక్షించే సాఫ్ట్‌వేరు రాసి ఉచితంగా ఇచ్చాడు. 1998లో దావా పడింది. 2001లో రాజీ కుదిరితే జనానికి దక్కిందేమిటి? అదే కంపెనీ సరుకు మళ్లీ కొంటే తగ్గింపు!

మదుపరి: సార్, సార్, చరిత్ర నాకూ తెలుసు. ఐయోమెగా పోయింది క్లిక్కుల వల్ల కాదు! సీడీ రైటర్లు వచ్చాయి. ఒక్క ఖాళీ సీడీలో 650 ఎంబీ, అదీ చిల్లర డబ్బులకి. తర్వాత పెన్ డ్రైవు. 2008లో ఈఎంసీ అనే స్టోరేజీ కంపెనీ కొనేసింది. టెక్నాలజీ చంపింది సార్, ఫిర్యాదులు కాదు.

విశ్రాంత అధికారి: నమ్మకం ముందే పోయింది కాబట్టే జనం అంత తొందరగా...

మదుపరి: ఐబీఎం చూడండి! డెస్క్‌స్టార్ 75జీఎక్స్‌పీ హార్డ్ డిస్కు, పాడవుతోందని జనం డెత్‌స్టార్ అన్నారు, 2001లో దావా వేశారు. ఐబీఎం మునిగిందా?

రికవరీ ఇంజినీర్: హార్డ్ డిస్కుల వ్యాపారాన్నే హిటాచీకి అమ్మేసింది కదండీ.

మదుపరి: షేరు మునిగిందా అని అడుగుతున్నా! (ఇద్దరు ఒకేసారి మాట్లాడుతున్నారు) ...మదుపరి భావోద్వేగంతో కొనకూడదు. మళ్లీ చెప్తున్నా, ఫ్లాష్ ధర. ఫ్లాష్ ధర ఒక్కటే.

విశ్రాంత అధికారి: ఆ ధర పడ్డ రోజు? పెరిగినట్టే పడుతుంది కూడా. అప్పుడు కొన్నవాడు మళ్లీ మీ దగ్గరికి వస్తాడా రాడా అన్నదే కంపెనీకి మిగిలే బలం. నేను అప్పులిచ్చిన రోజుల్లో బ్యాలెన్స్ షీటు ఎంత బాగున్నా, ఫిర్యాదు వచ్చినప్పుడు యజమాని ఏం జవాబిచ్చాడో కనుక్కునేవాణ్ణి.

వ్యాఖ్యాత: మంచి మాట. అదే జవాబు వారంటీ కార్డులో ఉండాలి కదా, డేటాకి కూడా...

మదుపరి: ఇది అప్పు కాదు సార్, షేరు! ఇంకో సంగతి. మనవాళ్లకి అసలు ఇబ్బంది ఎల్ఆర్ఎస్‌తో, అదే విదేశాలకి డబ్బు పంపే ఆర్బీఐ పథకంతో. ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల వరకు పంపొచ్చు, పది లక్షల రూపాయలు దాటిన మొత్తం మీద టీసీఎస్, అంటే బ్యాంకు ముందే పట్టుకునే పన్ను, 20 శాతం. రిటర్నులో విదేశీ ఆస్తులు చూపించడం చాలామంది మర్చిపోతారు. ఆర్ఎస్‌యూలు, అంటే కంపెనీ ఉద్యోగులకిచ్చే షేర్లు, వచ్చినవాళ్లు మరీ. దీని మీద మాట్లాడాలి మనం.

(టీసీఎస్ మీద చర్చ చాలాసేపు సాగింది. డ్రైవుల ఊసు లేదు కాబట్టి ఇక్కడ తగ్గించాం.)

రికవరీ ఇంజినీర్: మళ్లీ డ్రైవుకి వద్దామా? ఆస్ట్రియాలో అట్టింగో అని ఒక రికవరీ సంస్థ ఉంది. ఈ శాన్‌డిస్క్ ఎస్ఎస్‌డీల్లో బోర్డు మీద చోటుకి భాగాలు పెద్దవైపోయాయని, వాటిని అతికించిన సోల్డరింగ్ బలహీనంగా ఉందని 2023 నవంబరులో చెప్పింది. ఆ మాట నిజమైతే ఫర్మ్‌వేర్‌తో సోల్డరింగ్ బాగుపడదు. అందుకే నేను కంపెనీని అడిగేది...

మదుపరి: నిజమైతే! మీరే అన్నారు. కంపెనీ ఒప్పుకుందా? లేదు. రికవరీ వాళ్లకి ఇలాంటి మాటల వల్ల గిరాకీ పెరుగుతుంది, అదీ చూడాలి.

రికవరీ ఇంజినీర్: నా గిరాకీ సంగతి సరే, మీ దగ్గర ఆ షేర్లు ఉన్నాయా?

మదుపరి: ఉన్నాయి. దాచేదేముంది?

రికవరీ ఇంజినీర్: మొదట్లోనే చెప్పాల్సింది. చూసేవాళ్లకి తెలియాలి.

మదుపరి: అడిగితే చెప్పేవాణ్ణి! నా డబ్బు పెట్టాను కాబట్టే నా మాటకి విలువ. పెట్టనివాళ్లు...

వ్యాఖ్యాత: ఆగండి, ఆగండి. పెద్దాయనా, ఇక్కడ బెంగళూరులో కొన్నవాడికి దారేమిటి?

విశ్రాంత అధికారి: 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో లోపమున్న సరుకు వల్ల జరిగిన నష్టానికి తయారీదారు బాధ్యత మీద ఒక అధ్యాయమే ఉంది. సరుకుకి కట్టిన ధర ఐదు లక్షల లోపైతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫీజు కూడా లేదు. బిల్లు దాచుకోవాలి. ఎస్పీ రోడ్డులో బిల్లు లేకుండా తక్కువకి వస్తుందని కొంటారు చూడండీ, అక్కడే...

వ్యాఖ్యాత: డేటా నష్టానికి కూడా ఇస్తారా?

విశ్రాంత అధికారి: అది వాదించుకోవాలి బాబూ. కానీ అడిగేవాళ్లు ఉండాలి కదా. ఒకే లోపంతో నష్టపోయినవాళ్లు కమిషన్ అనుమతితో కలిసి కూడా వేయొచ్చు, ముప్పై ఐదో సెక్షన్...

మదుపరి: వేయండి సార్, ఎవరొద్దన్నారు? కోర్టు తేల్చేలోగా షేరు ఎక్కడుంటుందో చూడండి. నేను మొదటి నుంచి చెప్తున్నది అదే. కస్టమర్‌గా కోపం రావచ్చు. మదుపరిగా నాకు లెక్క కావాలి, లెక్క!

వ్యాఖ్యాత: సమయం అయిపోతోంది. మేడం, ముప్పై సెకన్లు.

రికవరీ ఇంజినీర్: ఎన్ని డ్రైవులు వెనక్కి వచ్చాయో, ఎందుకు పాడయ్యాయో కంపెనీ మోడల్ వారీగా బయటపెట్టాలి. బ్యాక్‌బ్లేజ్ అనే క్లౌడ్ స్టోరేజీ కంపెనీ తను వాడే డ్రైవుల వైఫల్యాల లెక్కలు ఏళ్లుగా ప్రచురిస్తోంది. కొనేవాళ్లు ప్రచురించగలిగితే తయారుచేసేవాళ్లు ఎందుకు...

మదుపరి: వాళ్లవి డేటా సెంటర్ డ్రైవులు మేడం, చేతిలో పట్టుకుతిరిగే పోర్టబుల్ కాదు! రెంటికీ పోలికే లేదు. చూసేవాళ్లకి నేను చెప్పేదొక్కటే, ఫ్లాష్ ధర చూడండి, డేటా సెంటర్ ఆర్డర్లు చూడండి...

రికవరీ ఇంజినీర్: నా ముప్పై సెకన్లు అవ్వలేదు.

వ్యాఖ్యాత: సారీ మేడం, విరామం తీసుకోవాలి. సార్, మీ మాట పూర్తి చేయండి, తర్వాత వారంటీ సంగతి...

మదుపరి: థాంక్సండీ. ఇంకో రెండు పాయింట్లు ఉన్నాయి.