క్లే ఉండ మునిగింది, గిన్నె తేలింది: పాపకు కారణం చెప్పేయాలా?

[తెర మీద: నీళ్ల టబ్బు, పక్కన నాలుగేళ్ల పాప, చేతిలో క్లే ఉండ.]

వ్యాఖ్యాత: ఉండని నీళ్లలో వేయబోతోంది. వేయకముందే అడగండి: "ఏమవుతుందంటావు?" తేలుతుందన్నా సరే, మునుగుతుందన్నా సరే. ఒక మాట అనేసింది కదా, ఇక ఆ ఉండ మీంచి చూపు తిప్పుకోదు.

[ఉండ బుడుంగున మునుగుతుంది. పాప దాన్నే గిన్నెలా ఒత్తి వదులుతుంది. తేలుతుంది.]

అదే క్లే, అంతే బరువు. గిన్నెలా చేస్తే ఎక్కువ నీటిని పక్కకు నెడుతుంది. అలా నెట్టిన నీటి బరువు క్లే బరువుతో సమానమైతే చాలు, తేలుతుంది. ఇది మనకు తెలుసు, చెప్పేయాలని నోరు ఊరుకోదు. కాసేపు ఓపిక పట్టండి.

2011లో వచ్చిన ఒక పరిశోధనలో చిన్నపిల్లలకు నాలుగు రకాలుగా పనిచేసే బొమ్మ ఇచ్చారు. కొందరికి పాఠం చెప్పినట్టు ఒక్కటే చూపించారు: గొట్టం లాగితే కీచుమంటుందని. వాళ్లు ఎక్కువగా ఆ గొట్టం దగ్గరే ఆగిపోయారు. ఆ కీచు శబ్దం ఏదో అనుకోకుండా వచ్చినట్టు చూసిన పిల్లలు మాత్రం బొమ్మను ఎక్కువసేపు కెలికారు, మిగతావి కూడా కనిపెట్టారు. అందుకే, ప్రతి మెట్టూ అచ్చువేసి ఇచ్చే సైన్స్ కిట్లంటే నాకు పెద్ద గురి లేదు.

[పాప గిన్నెలో గుండీలు వేస్తుంది. ఐదో గుండీకి మునిగిపోతుంది.]

ఇంజనీరింగ్ ఇక్కడ మొదలవుతుంది. ఎక్కువ గుండీలు మోయాలంటే ఏం చేయాలి? పాప అంచులు పెంచింది, ఇంకాస్త క్లే కూడా కలిపింది. ఈసారి తొమ్మిది మోసింది. అంచుల వల్లా, క్లే వల్లా? రెండూ ఒకేసారి మార్చేసింది కాబట్టి తేల్చలేం. "ఒక్కటే మార్చి చూద్దామా?" అనండి. పెద్దవాళ్లే తరచూ మరిచిపోయే సూత్రం ఇది.

అడిగాక మాత్రం ఆగండి. ప్రశ్న వేశాక టీచర్లు సగటున ఒక సెకను కూడా ఆగడం లేదని మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు గమనించారు. మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పెద్దవయ్యాయి, కారణాలతో వచ్చాయి.

[తెర మీద: మూడేళ్లలోపు పిల్లలకు గుండీలు ఇవ్వొద్దు. నీళ్ల దగ్గర పెద్దవాళ్లు ఉండాల్సిందే.]

మరి తప్పు చెప్తే? "గిన్నె చేశాక బరువు తగ్గింది, అందుకే తేలింది" అందనుకోండి. చాలామంది పిల్లలు అనే మాటే. "కాదమ్మా" అనకండి. "ఎలా తెలుసుకుందాం?" అనండి. ఒకే ముద్దను రెండు సమాన భాగాలు చేసి, ఒకటి ఉండగా, ఒకటి గిన్నెగా చేసి తక్కెడలో చెరోవైపు పెట్టమనండి. ముల్లు ఎటు మొగ్గుతుందో ముందే చెప్పమనడం మాత్రం మరవద్దు.